అదే బోరు, అదే ఇసుక: ఒకరికి 1.45, ఇంకొకరికి 0.66 ఎలా వచ్చింది?

మీరు రాసింది నాకు అర్థమైన మేరకు ఇదీ సంగతి. చెన్నై పనయూరులో ఈసీఆర్‌కూ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) సముద్రానికీ మధ్య ఒక గ్రౌండు స్థలం కొన్నారు. జీ+2 ఇల్లు కట్టాలి. మే నెలలో సాయిల్ టెస్ట్ చేయించారు. నీళ్లు 4 మీటర్ల లోతున తగిలాయి. ఒకటిన్నర మీటరు నుంచి ఏడు మీటర్ల దాకా వదులు ఇసుక, ఎన్ విలువలు (నేల గట్టితనం చెప్పే సుత్తి దెబ్బల లెక్క) 8 నుంచి 10. రిపోర్టు ఇచ్చినవారు లిక్విఫాక్షన్‌కు (భూకంపంలో తడి ఇసుక ఊబిగా మారడానికి) భద్రతా గుణకం 1.45 ఉంది, భయం లేదన్నారు. అదే రిపోర్టును మీ ఆర్కిటెక్టు ఇంకో ఇంజినీరుకు చూపిస్తే 0.66 వచ్చింది, పైల్స్ (లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) తప్పవన్నారు. కాంట్రాక్టరేమో అర మీటరు కంకర పోసి రోలర్ తిప్పితే చాలంటున్నాడు. పైగా బెంగళూరులో మీ అన్నయ్యగారు ఇవేవీ లేకుండా శుభ్రంగా ఇల్లు కట్టుకున్నారు. ఇక టెన్షన్ పడక ఏం చేస్తారు?

నాది కావలి దగ్గర. చెన్నైలో ఇరవై ఎనిమిదేళ్లుగా నేల పరీక్షలు, నేలను గట్టిపరిచే పనులే చేస్తున్నాను. మీ ఇద్దరు ఇంజినీర్లూ కూడికలూ గుణింతాలూ తప్పు చేయలేదు. వాళ్లు ఎత్తుకున్న అంకెలే వేరు. అది తేలితే ఏం చేయాలో దాదాపు దానంతట అదే తేలుతుంది.

ముందు లిక్విఫాక్షన్ అంటే ఏమిటో కంటితో చూసి రండి. ఇలియట్స్ బీచ్‌లో అల వెనక్కి పోయిన చోట తడి ఇసుక మీద నిలబడి, ఒకేచోట కాలితో గబగబా తొక్కండి. మొదట గట్టిగా ఉన్న ఇసుక కాసేపటికి జున్నులా వణుకుతుంది, పైకి నీరు ఊరుతుంది, పాదం దిగుతుంది. తొక్కడం ఆపితే మళ్లీ గట్టిపడుతుంది. భూకంపంలో జరిగేదీ ఇదే, కాకపోతే ఏడు మీటర్ల లోతు దాకా ఒక్కసారే జరుగుతుంది.

మన ఊళ్లలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు కుంచాన్ని ఒకసారి కుదిపితే గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడు పడుతుంది. వదులు ఇసుక కూడా కుదుపుకు అలాగే సర్దుకోవాలని చూస్తుంది. గింజల మధ్య గాలి ఉంటే ఆ పని ఇబ్బంది లేకుండా జరిగిపోతుంది. నీళ్లు నిండి ఉంటే మాత్రం, గింజ దిగాలంటే ముందు నీరు తప్పుకోవాలి. అది పోవడానికి టైం కావాలి, భూకంపం ముగిసేది సెకన్లలో. దాంతో అప్పటిదాకా గింజలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని మోసిన బరువు నీటి మీద పడుతుంది. నీటి పీడనం పైనున్న నేల బరువుతో సమానమైన క్షణంలో గింజకూ గింజకూ మధ్య పట్టు ఉండదు. నేల ఊబి అయిపోతుంది. బరువైన ఇల్లు దిగుతుంది, తేలికైన సెప్టిక్ ట్యాంకు, సంపు పైకి తేలతాయి.

1964 జూన్ 16న జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్ భవనాలు గోడలు పెద్దగా చెడకుండానే పక్కకు ఒరిగిపోయాయి. నేల కాళ్ల కింద నుంచి తప్పుకుంది, అంతే. 2001 జనవరి 26న కచ్ భూకంపంలో కాండ్లా పోర్టులో పైల్స్ మీద నిలిచిన పోర్టు, కస్టమ్స్ టవర్ కూడా ఒక పక్కకు వాలింది. పైల్స్ అనగానే నిశ్చింత అనుకునేవారికి నేను మొదట ఈ టవర్ సంగతే చెబుతాను.

ఇప్పుడు మీ రెండు అంకెల దగ్గరికి వద్దాం. ఇద్దరూ వాడింది 1971లో సీడ్, ఇడ్రిస్ ఇచ్చిన సరళ పద్ధతే. భూకంపాలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 1893 2016 కూర్పులో ఉన్నది కూడా దాని వారసత్వమే. పద్ధతి సారం ఒక్కటే: భూకంపం ఇసుకను ఎంత అడుగుతుంది, ఇసుక ఎంత ఇవ్వగలదు. ఇవ్వగలిగినదాన్ని అడిగినదానితో భాగిస్తే వచ్చేదే భద్రతా గుణకం. 1 కన్నా తగ్గితే ఇసుక చేతులెత్తేస్తుందని అర్థం.

5 మీటర్ల లోతు తీసుకుందాం. అక్కడ ఎన్ విలువ 9. లోతునుబట్టి చేసే సవరణ తర్వాత సుమారు 10. ఎన్ 10 ఉన్న శుభ్రమైన, అంటే సన్నపొడి లేని ఇసుక 7.5 తీవ్రత భూకంపంలో ఇవ్వగలిగేది 0.113 (ఈ అంకెలు గింజలు మోసే బరువుతో పోల్చిన నిష్పత్తులు). తీవ్రత 6.5 అయితే కుదుపులు తక్కువ సార్లు వస్తాయి కాబట్టి 1.44తో హెచ్చిస్తాం, 0.163 అవుతుంది. ఇది ఇచ్చే వైపు.

అడిగే వైపు చూస్తే, ఆ 2016 కోడ్‌లో చెన్నై మూడో భూకంప జోన్‌లో ఉంది కాబట్టి జోన్ గుణకం 0.16. 2002లో కోడ్ మార్చేదాకా చెన్నై రెండో జోన్‌లోనే ఉండేది. అందుకే పాత ఇళ్ల యజమానులు ‘మా రోజుల్లో ఇవన్నీ ఎవరడిగారు’ అంటారు. ఈ వైపు తిప్పలు పెట్టేది నీటి మట్టం. మీ రిపోర్టులో ఉన్నట్టు నీళ్లు 4 మీటర్ల దగ్గర ఉంటే భూకంపం అడిగేది 0.112. అదే నీళ్లు ఒక్క మీటరు లోతుకు వచ్చేస్తే 0.172. ఇసుక మారలేదు, భూకంపం మారలేదు. నీరు పైకి వచ్చేసరికి గింజల మధ్య పట్టు తగ్గింది, అడిగేది సగానికి పైగా పెరిగింది.

ఇక భాగించి చూడండి. 0.163ని 0.112తో భాగిస్తే 1.45. ఇది మొదటి ఇంజినీరుగారి అంకె: 6.5 తీవ్రత, మే నెల నీళ్లు. 0.113ని 0.172తో భాగిస్తే 0.66. ఇది రెండోవారిది: 7.5 తీవ్రత, వానల తర్వాత నీళ్లు. పద్ధతిలో మూల గీత 7.5 తీవ్రతకే గీసి ఉంటుంది. తీవ్రత సవరణ వేయకుండా వదిలేస్తే లెక్క దానంతట అదే 7.5కి నడుస్తుంది. ఆయన కావాలనే అలా వదిలేశారో, మరిచిపోయారో ఒకసారి అడగండి.

నేనైతే నీటి విషయంలో రెండోవారితో, తీవ్రత విషయంలో మొదటివారితో ఉంటాను. నీళ్లు ఎందుకంటే, చెన్నైలో వాన పడేది ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు గట్టిగా పడిన ఏడు సముద్రం పక్క ఇసుకలో గొయ్యి తీస్తే మీటరుకే నీళ్లు కనిపిస్తాయి. పక్కింటి బావి ఉంటే కార్తీకం వెళ్లాక ఒకసారి తాడు దించి కొలుచుకోండి, ఏ రిపోర్టూ అక్కర్లేదు. భూకంపం మే నెలలోనే రావాలని రూలేమీ లేదు కదా.

తీవ్రత విషయానికొస్తే, మన దక్షిణ ద్వీపకల్పంలో ఏమొచ్చాయో చూడాలి. 1967 మార్చి 27న ఒంగోలులో వచ్చింది 5.4. మా నాన్నగారు ఆ రోజు వసారాలో గిన్నెలు మోగిన సంగతి చాలా ఏళ్లు చెప్పేవారు. 2001 సెప్టెంబరు 25న పాండిచ్చేరి దగ్గర సముద్రంలో వచ్చింది 5.5. అప్పుడు నేను చెన్నైలోనే ఉన్నాను, ఆ రాత్రి జనమంతా వీధుల్లో నిలబడ్డారు. 1993 లాతూరు 6.2. చెన్నై ఇంటికి 6.5 తీసుకోవడం పిసినారితనమేమీ కాదు. ఆసుపత్రో, పెట్రోలు నిల్వ ట్యాంకులో అయితే ఆ స్థలానికే ప్రత్యేకంగా అధ్యయనం చేయించమంటాను. ‘6 తీవ్రతకు ఏమవుతుందిలే’ అని కొట్టిపారేయడం మాత్రం ఒప్పుకోను. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ను దెబ్బతీసింది 6.2 తీవ్రతే. చివరికి సుమారు 8,000 ఇళ్లున్న నేలను ఇక కట్టడాలకు పనికిరాదని వదిలేయాల్సి వచ్చింది. అక్కడ భూకంపం ఊరి కిందే వచ్చింది, కుదుపు మన కోడ్ అంకె కన్నా చాలా ఎక్కువ. ఆ తేడా మరిచిపోకండి.

రెండూ కలిపితే, 6.5 తీవ్రత, మీటరు లోతు నీళ్లు: 0.163 బై 0.172, అంటే 0.95. మీ స్థలం అంచున ఉంది. పారిపోవాల్సినంత కాదు, వదిలేయాల్సినంతా కాదు. కోడ్ కూడా మూడో జోన్‌లో నీళ్లలో మునిగిన వదులు ఇసుకకు సవరించిన ఎన్ విలువ 15 కన్నా తక్కువ ఉంటే జాగ్రత్త పడమనే చెబుతుంది.

ఇంకో అడుగు వేసే ముందు ఒక అనుమానం తీర్చుకోండి. ఆ ఎన్ విలువలు నిజమేనా? 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతూ ఉంటే, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఎన్. వినడానికి చిన్నపిల్లల పని. నీటి కింది ఇసుకలో ఇది సులువుగా చెడిపోతుంది. బోరులోని నీటి మట్టం బయటి నీటి మట్టం కన్నా తగ్గితే, బయటి నీరు అడుగు నుంచి పైకి తన్నుతుంది, అడుగునున్న ఇసుక ఉడుకుతున్న ఉప్మా రవ్వలా గుల్లబడుతుంది. అప్పుడు కొడితే 10 రావాల్సిన చోట 4 వస్తుంది. చాలా ఏళ్ల క్రితం ఒక సైటులో ఇలాగే 4, 5 వచ్చాయని ఒక సంస్థ వరసగా పైల్స్ రాసేసింది. యజమాని మా దగ్గరికి వస్తే, బోరు నిండా బెంటొనైట్ అనే బంకమట్టి బురద నిలిపి మళ్లీ కొట్టాం. అవే లోతుల్లో 13, 14 వచ్చాయి. దీనికి తిరకాసు కేసులూ ఉన్నాయి: రిగ్ దగ్గర ఎవరూ లేకపోతే కుర్రాళ్లు చెట్టు కింద కూర్చుని అంకెలు నింపేస్తారు. అందుకే నేను ఎవరికి చెప్పినా ఒకటే చెబుతాను, సాయిల్ టెస్ట్ జరిగే రోజు ఆఫీసుకు సెలవు పెట్టి అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోండి.

కోన్ టెస్ట్, అంటే శంకువును నెమ్మదిగా నేలలోకి నొక్కి ప్రతి రెండు సెంటీమీటర్లకూ నిరోధం కొలిచే పరీక్ష, మీ స్థలంలో రెండు చోట్ల చేయిస్తే ఈ గొడవ ఉండదు. మధ్యలో అర మీటరు బంకమట్టి పొర ఉన్నా అది పట్టేస్తుంది. ఇంకొకటి, ఆ ఇసుకను 75 మైక్రాన్ జల్లెడ మీద నీళ్లతో కడిగి ఎంత సన్నపొడి ఉందో శాతం రాయించండి. ఆ ఒక్క శాతాన్నిబట్టి వైద్యం మారిపోతుంది. ఎలాగో కింద చెబుతాను.

బెంగళూరు పోలిక వదిలేయండి. అక్కడ కింద నైస్ రాయి, దాని మీద అదే రాయి చివికిన ఎర్రమట్టి, జోన్ కూడా రెండోది. మీ సమస్య అక్కడ చాలా చోట్ల పుట్టనే పుట్టదు. పూడ్చిన చెరువుల మీద కట్టిన ప్రాంతాలు వేరే కథ. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. చెన్నైలోనూ పడమర వైపు రాయి పైకి వస్తుంది, వేళచ్చేరి, పళ్లికరణై వైపు బంకమట్టి. ఇసుక తిప్పలన్నీ సముద్రం అంచునా, అడయారు, కూవం ఒడ్డునా ఉన్నవాళ్లకే.

ఇక వైద్యం. ఎన్ని పేర్లు పెట్టినా ఇసుకకు చేయగలిగినవి నాలుగే: గింజల్ని దగ్గరికి నొక్కడం, నీటికి తొందరగా బయటికి పోయే దారి ఇవ్వడం, సిమెంటుతో గింజల్ని అంటించడం, లేదా ఇసుకను దాని మానాన వదిలేసి బరువును కిందికి దింపడం. నీటి మట్టాన్ని శాశ్వతంగా తగ్గించడం అయిదోది అనొచ్చు. కానీ సముద్రం పక్కన ఏడాది పొడవునా తోడితే ఉప్పునీరు లోపలికి వస్తుంది. పక్కవాళ్ల బావులు కూడా పాడవుతాయి. ఆ మాట ఎవరన్నా తెస్తే వినకండి.

నా ఓటు ఎప్పుడూ నొక్కడానికే. పెద్ద స్థలాల్లో వైబ్రో పద్ధతి దీనికి రాజు. క్రేన్‌కు వేలాడే పొడవైన వైబ్రేటర్ నీటి జెట్‌తో ఇసుకలోకి దిగి, చుట్టూ ఇసుకను కుదిపి నొక్కుకుంటూ పైకి వస్తుంది. సన్నపొడి పది పదిహేను శాతం లోపు ఉంటే ఇసుక కుదుపుకు లొంగుతుంది. అంతకు మించితే నీరు వెంటనే వదలదు కాబట్టి ఉత్త కుదుపు పనిచేయదు, కంకర నింపుతూ రాతి కాలమ్స్ వేసుకుంటూ రావాలి. ఇందాక జల్లెడ శాతం అడిగింది ఇందుకే. 1995 కోబె భూకంపంలో సముద్రంలో పూడ్చిన దీవుల మీద ఇలా గట్టిపరిచిన జాగాలు బాగా నిలిచాయి, వదిలేసిన జాగాలు కుంగి బురద కక్కాయి. 2011 మార్చి 11న టోక్యో డిస్నీల్యాండ్‌లోనూ అంతే. గట్టిపరిచిన పార్కు నిలిచింది, వదిలేసిన పార్కింగ్ స్థలంలో ఇసుక పైకి తన్నింది. ఒకే యజమాని, ఒకే నేల, మధ్యలో కంచె అంత దూరం.

కానీ మీది ఒక గ్రౌండు, అంటే 2,400 చదరపు అడుగులు. ఆ యంత్రం మీ వీధి మలుపు తిరగడమే కష్టం, తిరిగినా దాన్ని తెచ్చి నిలబెట్టే ఖర్చే పని ఖర్చును మింగేస్తుంది. పది టన్నుల దిమ్మెను పది మీటర్ల నుంచి పడేసే పద్ధతి కూడా ఉంది. అయిదు మీటర్ల దాకా గట్టిపడుతుంది. పక్కింటివాళ్లు పోలీసు స్టేషన్‌కు వెళ్లడం కూడా ఖాయం.

కాంట్రాక్టరు రోలర్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. రోలర్ బలం పై మీటరు దాటి పోదు. మీ జబ్బు ఏడు మీటర్ల దాకా ఉంది. జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ లాంటిది, హాని లేదు, వైద్యమూ కాదు.

మీకు సరిపోయేది మూతి మూసిన గొట్టాన్ని కొట్టి దింపి, కంకర నింపుతూ పైకి లాగే చిన్న కాలమ్స్. 30 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మీటర్ల ఎడంతో త్రికోణ వరసలు, ఏడు మీటర్ల లోతు. గొట్టం దిగినంత ఇసుక ఎక్కడికీ పోలేదు కాబట్టి పక్క ఇసుకలోకే ఇరుక్కోవాలి. లెక్క చూడండి. ఒక్కో కాలమ్ వంతుకు వచ్చే నేల సుమారు 1.25 చదరపు మీటర్లు, కాలమ్ ఆక్రమించేది 0.07, అంటే అయిదున్నర శాతం పైన. ఎన్ 10 ఉన్న ఇసుకలో ఖాళీల నిష్పత్తి (గింజలతో పోలిస్తే మధ్యనున్న ఖాళీ ఎంతో) మామూలుగా 0.71 అనుకుంటే అది 0.61కి దిగుతుంది. సాపేక్ష సాంద్రత, అంటే గింజలు ఎంత దగ్గరగా సర్దుకున్నాయో చెప్పే అంకె, 47 శాతం నుంచి 71కి పోతుంది. ఎన్ విలువ 23 దగ్గరికి రావాలి. కాగితం మీద అంత వచ్చింది. సైటులో కొంత ఇసుక పైకి ఉబ్బి పోతుంది, కాబట్టి నేను 20కే లెక్క వేస్తాను. ఎన్ 20 ఉన్న ఇసుక ఇవ్వగలిగేది 0.215. డిసెంబరు నీళ్లు, 7.5 తీవ్రత, అంటే మీ రెండో ఇంజినీరుగారి కఠినమైన లెక్కలోనే వేసినా భద్రతా గుణకం 1.25. ఆయనా కాదనలేరు.

ఇల్లు, చుట్టూ వదిలే జాగా కలిపి 150 చదరపు మీటర్లు అనుకుంటే సుమారు 120 కాలమ్స్. గట్టిపరిచే జాగా ఇంటి అంచు దాటి లోతులో సగం దూరమైనా పోవాలని పుస్తకం చెబుతుంది. మీకు మూడున్నర మీటర్లు ఎక్కడివి? అందుకే ప్రహరీ వెంట ఒక వరసను దగ్గర దగ్గరగా, ఒక మీటరు ఎడంతో వేయించండి. పని పక్కింటి గోడ వైపు నుంచి మొదలై దూరంగా జరగాలి, తోసుకుపోయే ఇసుక వాళ్ల పునాది మీదికి పోకుండా. మొదలుపెట్టే ముందు ఇరుపక్కల ఇళ్ల గోడల్లో ఉన్న పగుళ్లన్నీ తేదీతో సహా ఫోటోలు తీసి వాళ్ల చేతే సంతకం పెట్టించుకోండి. ఒకసారి మా సైటు పక్కింటాయన పదేళ్ల నాటి పగులును మా నెత్తిన రుద్దారు. ఫోటో లేదు, డబ్బు కట్టి వచ్చాం.

ఒక మోసం గురించి హెచ్చరిక. మన దగ్గర రాతి కాలమ్ అంటే చాలామంది బోరు వేసి, మట్టి బయటికి తీసి, ఆ గుంతలో కంకర కూరి దిమ్మిస కొట్టేస్తారు. బంకమట్టిలో అది మంచి పద్ధతే. ఇసుకలో మాత్రం ముందే ఇసుకను బయటికి తీసేస్తే ఇక నొక్కేది దేన్ని? కొటేషన్‌లో ‘మూతి మూసిన గొట్టం, మట్టి బయటికి తీయరాదు’ అని రాయించుకోండి. సన్నపొడి తక్కువైతే సరుగుడు కర్రలు కొట్టినా నొక్కే పని కొంత జరుగుతుంది. అయితే నీటి మట్టం ఎక్కి దిగే పై మీటర్లలో కర్ర చీకిపోతుంది. ప్రహరీ గోడకైతే సరే, ఇంటికి నేను ఒప్పుకోను.

కంకర కాలమ్స్ నీటికి దారి కూడా ఇస్తాయని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. నిజమే, కొత్తలో. ఏళ్లు గడిచేకొద్దీ సన్న ఇసుక చేరి పూడుతుంది. దాన్ని నేను లెక్కలో వేయను, దొరికితే కొసరు అనుకుంటాను.

మరి పైల్స్? పదంతస్తులైతే నేనూ పైల్సే అంటాను. మద్రాసుకు ఇది పాత విద్యే. ఎగ్మోరులో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ చర్చి మెత్తటి నేలలో దింపిన బావుల పునాది మీదే నిలిచింది. అయితే లిక్విఫాక్షన్ నేలలో పైల్‌ను మామూలు పైల్‌లా లెక్కించకూడదు. ఇసుక ఊబి అయిన ఆరేడు మీటర్లలో పక్క పట్టు సున్నా. ఆ తర్వాత ఇసుక సర్దుకుంటూ దిగేటప్పుడు పైల్‌ను కిందికి లాగుతుంది. గట్టి పొర, మెత్త పొర కలిసే చోట వంపు ఎక్కువ పడుతుంది, అక్కడ కమ్మీలు తక్కువైతే విరుగుతుంది. మీ ఇంజినీరుగారి డ్రాయింగ్‌లో ఈ మూడూ లెక్కించారా అని అడగండి. ఇల్లు నిలిచి చుట్టూ నేల పది సెంటీమీటర్లు దిగితే పైపులు, మెట్లు, గేటు అన్నీ విరుగుతాయి, ఆ ఖర్చూ మీదే. జీ+2కి పైల్స్ వేయడం పొరపాటని కాదు, అదే డబ్బుతో నేలను బాగుచేసుకుంటే ఇల్లూ, చుట్టూ ఉన్నదీ రెండూ నిలుస్తాయి.

డబ్బు మరీ ఇబ్బందైతే తక్కువలో ఒక దారి ఉంది. జపాన్ ఇంజినీరు ఇషిహారా 1985లో పాత భూకంపాల అనుభవాలు పోగేసి ఒక పటం గీశారు. కుదుపు 0.2 జీ (గురుత్వాకర్షణలో అయిదో వంతు) లోపు ఉన్న చోట, పైన మూడు మీటర్ల గట్టి పొర ఉంటే కింద ఇసుక ఊబి అయినా నేల పైకి పెద్దగా నష్టం కనిపించలేదు. మనది 0.16. కాబట్టి మూడు మీటర్లు తవ్వి, అదే ఇసుకను 25 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, తడిపి, నొక్కి, పైన గట్టి దూలాలతో రాఫ్ట్, అంటే ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక, వేయొచ్చు. పటం చూపించింది నేల పై నష్టాన్ని, ఇంటి బరువు పడ్డాక సంగతి వేరు. కింద మిగిలిన నాలుగు మీటర్ల ఇసుక 2 శాతం సర్దుకుంటే 8 సెంటీమీటర్లు దిగుతుంది. రాఫ్ట్ విరగకుండా మొత్తంగా దిగేలా డిజైనర్‌తో చేయించుకోవాలి. ఇల్లు కొంచెం వాలొచ్చు, మనుషులు బయటికి వస్తారు. దీనిలో తవ్విన గుంత ఒడ్డు కూలే ఇబ్బంది ఉంది. ఇసుక నిలువుగా నిలవదు, పక్కింటి పునాది పక్కన ఇనుప షీట్లు దింపి ముక్కలు ముక్కలుగా తవ్వాలి. నన్నడిగితే కాలమ్సే మేలు.

ఏ దారి పట్టినా పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. మీ రిపోర్టును తప్పుదారి పట్టించిన ఆ 4 మీటర్ల నీళ్లే పనికి వరం. పొడి నేల మీద రిగ్ నిలుస్తుంది, తవ్వినా నీళ్లు తోడే పని ఉండదు.

కాలమ్స్ అయిపోయాక పై మీటరు ఇసుక గుల్లగా మిగులుతుంది. పైన నొక్కే బరువు లేక అది గట్టిపడదు. మీ కాంట్రాక్టరు రోలర్ ఇప్పుడు పనికొస్తుంది, తిప్పించండి. తర్వాత వెంటనే టెస్ట్ చేయకండి. నొక్కిన ఇసుక కొన్ని వారాల పాటు ఇంకా బలం పుంజుకుంటుంది. కనీసం రెండు మూడు వారాలు ఆగి, మూడు కాలమ్స్ మధ్య త్రికోణం నడిబొడ్డున కోన్ టెస్ట్ చేయించండి. కాలమ్ పక్కనే చేసి మంచి అంకె చూపించడం ఈ లైన్‌లో పాత ట్రిక్కు. మూడు చోట్లైనా చేయించి, చివరి బిల్లు ఆ అంకెల తర్వాతే ఇస్తానని ఒప్పందంలోనే రాయించుకోండి. మొదట నాలుగు కాలమ్స్ మాత్రం వేసి వాటి మధ్య పరీక్షించి, చాలకపోతే ఎడం 1.2 నుంచి 1 మీటరుకు తగ్గించడం అన్నిటికన్నా మంచిది. 120 వేశాక తెలిస్తే మధ్యలో ఇంకోటి దూర్చడం నరకం.

పైపుల సంగతి ఎవరూ అడగరు, నేనే చెప్తున్నాను. నీళ్ల పైపు, డ్రైనేజీ ఇంట్లోంచి బయటికి వచ్చే చోట వంగే జాయింట్లు పెట్టించండి. సంపు ఖాళీగా ఉన్నప్పుడు పడవలాంటిదే, దాని అడుగు స్లాబును గోడల బయటికి ఒక అడుగు పెంచితే పైనున్న ఇసుక బరువు దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ చిన్న మార్పు ఇప్పుడే డ్రాయింగ్‌లో వేయించేయండి, తర్వాత కుదరదు.

ముందు ఆ 75 మైక్రాన్ శాతం, రెండు కోన్ టెస్టుల గ్రాఫులు చేయించి పంపండి. సన్నపొడి పదిహేను శాతం దాటితే పైన చెప్పిన 1.2 మీటర్ల ఎడం చాలదు, అప్పుడు మళ్లీ లెక్క వేసి చెబుతాను.